నిలబడకూడని పంతొమ్మిది రోజులు

ఆగస్టు 4, సోమవారం

నోటీసు వచ్చింది. మా ఊరి సచివాలయంలో పనిచేసే వేదశ్రీ తెచ్చి నా చేతిలో పెట్టి, సంతకం చేయించుకుని పోయింది. మా ఆయన వికలాంగుల పింఛనుకి మళ్ళీ పరీక్ష చేస్తారట. ఇరవై మూడో తారీఖు శనివారం, పొద్దున తొమ్మిదింటికి, ఒంగోలులో క్యాంపు. పాత సర్టిఫికెట్టూ ఆధార్ కార్డూ పట్టుకుని మనిషి స్వయంగా రావాలి.

స్వయంగా రావాలి అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

ఏడాదిన్నర క్రితం పిలిచి ఉంటే నాకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. అప్పుడు మంచం మీంచి ఇటునించి అటు తిప్పాలన్నా ఇద్దరం కావాల్సి వచ్చేది. మూడేళ్ళ క్రితం, పొగాకు ఆకు కాల్చి ఆరబెట్టే బ్యారన్‌లో పైకెక్కి ఆకు కట్టిన కర్రలు అందుకుంటూ జారి పడ్డాడు. నడుం విరిగింది. డెబ్భై అయిదు శాతం వైకల్యం అని రాసిచ్చారు. ఇప్పుడేమో పోయిన గురువారం పెరట్లో పదకొండు అడుగులు నడిచాడు! పొదిలి నుంచి ఫిజియో ఖాదర్ గారు వచ్చి రెండు సరుగుడు వాసాలు అడ్డంగా కట్టించారు. వాటిని పట్టుకుని పదకొండు. నేను ఆనందం పట్టలేక వీధి వీధంతా చెప్పుకున్నాను. నా నోరు పడిపోను.

నడిచే మనిషికి డెబ్భై అయిదు ఎవరు రాస్తారు? శాతం నలభైకి తగ్గితే పింఛను లేదు.

పింఛను పోతే పోయింది, ఇంకో నాలుగు జాకెట్లు కుట్టుకుంటాను. ఆరోగ్య కార్డు సంగతేంటి? ఆయన నడుంలో వేసిన బోల్టు ఒకటి వదులైంది, సెప్టెంబరు తొమ్మిదిన మళ్ళీ కోసి మార్చాలన్నాడు గుంటూరు డాక్టరు. అది మారిస్తే చేతికర్రతో నడుస్తాడట. మార్చకపోతే వచ్చిన కాళ్ళు కూడా పోతాయట. మొదటి ఆపరేషను ఆరోగ్య కార్డు మీదే అయింది, ఇదీ కార్డు మీదే. కార్డు లేకుండా చేయించే తాహతు మాకు లేదు, ఉన్న ఎకరం అమ్మినా చాలదు.

సాయంత్రం పక్కింటి సుబ్బరావమ్మత్త వచ్చి కూర్చుంది. "మర్రిపూడి వైపు ఎవరికో ముప్ఫై అయిదు రాశారంటమ్మాయ్. పింఛను పీకేశారంట. పింఛనుతో పాటు కార్డు కూడా పోయిద్దంట" అంది. ఎవరు చెప్పారత్తా అంటే, అందరూ అంటున్నారంది.

ఆగస్టు 5, మంగళవారం

వేదశ్రీని అడుగుదామని సచివాలయం దాకా వెళ్ళి, గుమ్మం దగ్గర్నించే వెనక్కొచ్చాను. పింఛను పోతే కార్డు పోతుందా అని అడిగితే, పింఛను ఎందుకు పోతుందనుకుంటున్నారు ఆంటీ అని అడగదూ? ఏం చెప్పను? మా ఆయన నడుస్తున్నాడమ్మా అనా? మంచి పిల్లే. అయినా అది ఆఫీసు, దాని పని అది చేస్తుంది.

అడక్కపోవడమే మంచిదైంది.

ఆగస్టు 6, బుధవారం

ఖాదర్ గారికి ఫోను చేశాను. ఆయనకి జ్వరంగా ఉందండీ, నేను మళ్ళీ చెప్పేదాకా రావద్దండీ అన్నాను.

"ఎంతుందమ్మా జ్వరం?"

"నూట రెండు." ఎంత తేలిగ్గా వచ్చిందో నోట్లోంచి.

"సరే, పడుకున్నా కాళ్ళు మాత్రం కదిలిస్తా ఉండండి దుర్గమ్మా. పూటకి ఇరవై సార్లు. ఆపారంటే మళ్ళీ మొదటికొస్తది" అన్నారు. అట్టాగేనండి అన్నాను.

ఆ తర్వాత ఈయనతో చెప్పాను. ఏం ఎగిరాడనుకున్నావు!

"ఏందే, నన్ను చచ్చినోడిలా పడుకోమంటావా?"

"చచ్చినోడిలా ఎందుకయ్యా, రోగిష్టోడిలా పడుకో. పంతొమ్మిది రోజుల్లో రెండు పోయాయి, ఇంక పదిహేడే."

"నేను నాటకాలాడను."

"ఆడమన్నానా? నటించక్కర్లేదు, ఊరికే నడవకు. అంతే. అది అబద్ధం కాదు."

"మరి ఏందది?"

విశ్రాంతి అన్నాను. ఆపరేషను ముందు ఎవరికైనా విశ్రాంతి కావాలి. నిజమే కదా? కార్డు పోతే ఆ బోల్టు ఎవరు మారుస్తారో చెప్పు అన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిరగడం కూడా తనంతట తానే తిరిగాడు. అది చూసి కూడా నాకు భయమే వేసింది. క్యాంపులో అట్టా తిరిగితే?

ఆగస్టు 7, గురువారం

ఇవాళ కొంప మునిగేది. మా తమ్ముడు బాలు పోయిన వారమే ఆయన నడుస్తుంటే వీడియో తీశాడంట. దాన్ని ఇవాళ స్టేటస్‌లో పెట్టాడు, పాట కూడా తగిలించి. "మా బావ మళ్ళీ లేచాడు" అని రాసి, దండాలు పెట్టే బొమ్మలు. సుబ్బరావమ్మత్త కోడలు తెచ్చి చూపించింది. ముందు నాకు ఏడుపొచ్చింది, ఎంత బాగా నడుస్తున్నాడో ఆ వీడియోలో. తర్వాత చెమటలు పట్టాయి.

"ఒరేయ్, తీసెయ్ రా ఇప్పుడే" అని ఫోన్లో అరిచాను.

"ఏమైందక్కా? నూట పదిమంది చూశారు, అందరూ బాగుందంటున్నారు."

నూట పదిమంది! అందులో మా పొలం కౌలు గొడవలో మాతో మాట్లాడటం మానేసిన వాళ్ళు ఎంతమంది ఉన్నారో. ఒక్కడు ఆ వీడియో ఆఫీసుకి పంపిస్తే చాలు. తీసేశాడు. తీసేశానని దాని ఫోటో కూడా పంపాడు. అయినా ఎవడి ఫోన్లో దాచుకున్నాడో ఎవడికి తెలుసు.

మధ్యాహ్నం పెరట్లో సరుగుడు వాసాలు విప్పేశాను. కొడవలితో తాడు కోస్తుంటే ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. సుబ్బరావమ్మత్త అడిగితే బీరపాదుకి పందిరి వేస్తానన్నాను.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. అమ్మవారి ముందు కూర్చుని ఏం అడగాలో తెలియలేదు. మొన్నటి దాకా నా మొగుణ్ణి నడిపించు తల్లీ అని అడిగినదాన్ని. ఇవాళ ఇరవై మూడు దాకా ఆగు అని అడిగాను. పిచ్చిదాన్ని అనుకుని ఉంటుంది.

ఆగస్టు 10, ఆదివారం

పడుకున్నాడు. తిన్నాడు. పడుకున్నాడు.

కాళ్ళు కదిలించమన్నారు కదా ఖాదర్ గారు, పొద్దున పది సార్లు కదిలించాను. ఎక్కువ చేస్తే పట్టు వచ్చేస్తుందేమో అని పదితో ఆపాను.

ఆగస్టు 12, మంగళవారం

మోకాళ్ళు బిగుసుకున్నాయంటున్నాడు. వాన ముసురు పట్టింది కదా, అందుకే. నాకూ మోకాళ్ళు నొప్పులుగానే ఉన్నాయి.

ఆగస్టు 13, బుధవారం

ఒళ్ళు తుడుస్తుంటే నడుం కింద, పాత కుట్టుకి రెండు వేళ్ళ దిగువన, రూపాయి బిళ్ళంత ఎర్రగా కనిపించింది. దుప్పటి మడత ఒత్తుకున్నట్టుంది. పౌడరు వేశాను.

ఆగస్టు 15, శుక్రవారం

ఇది ఎవరికీ చెప్పను. ఈ డైరీలో కూడా రాయకూడదనుకున్నాను.

పొద్దున నేను మిషను మీద కూర్చుని స్కూలు పిల్లల తెల్లచొక్కాకి గుండీలు వేస్తున్నాను. లోపల మంచం కిర్రుమంది. వెళ్ళి చూస్తే ఈయన కిటికీ ఊచ పట్టుకుని సగం లేచి ఉన్నాడు. కాళ్ళు గజగజా వణుకుతున్నాయి, మొహం ఎర్రగా కందిపోయింది. వీధి తలుపు బార్లా తీసి ఉంది. జెండా వందనానికి పోయేవాళ్ళు గుంపులు గుంపులుగా మా గుమ్మం ముందు నుంచే పోతున్నారు.

పరిగెత్తి భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాను.

గట్టిగా తొయ్యలేదు. కూర్చోబెట్టానంతే. ఆయనే వెనక్కి వాలాడు, గోడకి తల తగిలింది. చిన్నగానే తగిలింది.

"ఇంత కష్టపడి లేచింది నువ్వు తొయ్యడానికా దుర్గా?" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. కోపం లేదు ఆ గొంతులో.

"నీ కోసమేనయ్యా" అన్నాను. తలుపేసి వచ్చాను.

ఆగస్టు 16, శనివారం

నేను తొయ్యలేదు.

ఆగస్టు 18, సోమవారం

ఖాదర్ గారు ఫోను చేశారు, జ్వరం తగ్గిందా అని. తగ్గిందండీ గానీ నీరసం అన్నాను. రక్తపరీక్ష చేయించమన్నారు. పోనీ నేనొచ్చి చూసి పోతా, డబ్బులేం వద్దులే అన్నారు. వద్దండీ, మేం ఊళ్ళో లేం, మంగళగిరిలో మా ఆడపడుచు ఇంటికొచ్చాం అన్నాను. అప్పుడే వీధిలో చేపలబండి వాడు మైకులో మా ఊరి పేరు పెట్టి కేకేశాడు. ఖాదర్ గారికి వినపడే ఉంటుంది. "సరేనమ్మా, జాగ్రత్త" అని పెట్టేశారు.

మూడేళ్ళలో ఆ మనిషి ఎన్నిసార్లు డబ్బు తీసుకోకుండా వచ్చి ఉంటాడు. ఛీ.

ఆగస్టు 20, బుధవారం

ఆ ఎరుపు నల్లబడింది. కొంచెం చెమ్మగా ఉంది. పసుపు పెట్టాను. ఇంక మూడు రోజులే.

ఆగస్టు 22, శుక్రవారం

రేపే. పాత కాగితాలన్నీ కవర్లో పెట్టాను. బాలు కారు మాట్లాడాడు. ఆయనకి గడ్డం గీద్దామనుకుని, వద్దులే, అట్టాగే ఉంటే మేలు అనుకున్నాను.

ఏం అడిగితే ఏం చెప్పాలో నేర్పించాను. నిలబడమంటే? "నా వల్ల కాదండి." ఎన్నాళ్ళ నుంచి? "పడ్డప్పటి నుంచీ అండి." రెండుసార్లు చెప్పించాను. అప్పచెప్పినట్టు చెప్పాడు, నా మొహం వంక చూడకుండా.



ఆగస్టు 23, శనివారం

అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

తొమ్మిదికి ముందే చేరాం. అప్పటికే వరండా నిండా జనం. కాళ్ళు లేనివాళ్ళు, చూపు లేనివాళ్ళు, పిల్లల్ని చంకన వేసుకున్న తల్లులు. అందరి మొహాల్లో నా భయమే. నా పక్కన కూర్చున్న జైనాబీ అనే ఆమె కూతురికి పుట్టుకతో వినపడదట. "నా బిడ్డ ఈ మధ్య పెదాలు చూసి మాట గ్రహిస్తా ఉందమ్మా, లోపల ఎవరైనా మాట్లాడితే ఇటు తిరిగిద్దేమోనని దడగా ఉంది" అంది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. నేనూ మా సంగతి చెప్పబోయి, నోరు మూసుకున్నాను.

పన్నెండున్నరకి పిలిచారు. డాక్టరు పెద్దాయన, మర్యాదగానే మాట్లాడాడు. కాళ్ళు గిచ్చి చూశాడు, మోకాళ్ళు మడిచాడు, సుత్తితో కొట్టాడు. ఏవో రాసుకున్నాడు. చివరికి, "యలమందయ్య గారూ, ఒక్కసారి నిలబడే ప్రయత్నం చేస్తారా?" అన్నాడు.

నా వల్ల కాదండి అని చెప్పాలి. చెప్పలేదు. బల్ల అంచు పట్టుకున్నాడు, ఊపిరి బిగపట్టాడు, లేవబోయాడు. సగం కూడా లేవకుండానే మొహం పాలిపోయి, కళ్ళు తిరిగి, ముందుకు కూలిపోయాడు. డాక్టరూ నేనూ ఇద్దరం పట్టుకున్నాం.

ఏం చేశాడయ్యా! నేను నేర్పినదానికంటే బాగా చేశాడు, మాటలతో పని లేకుండా. ఆ పడటం చూసిన ఏ డాక్టరూ నలభైకి తగ్గించడు. నా లోపల పండగ. పైకి మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

బయట కాగితాలు తీసుకునే గుమాస్తాని అడిగాను, ఇంకోసారి పిలుస్తారా బాబూ అని. "తాత్కాలికం అని వస్తే పిలుస్తారమ్మా. శాశ్వతం అని వస్తే ఇంక పిలవరు" అన్నాడు. శాశ్వతం అని రావాలి స్వామీ అని అక్కడే దండం పెట్టుకున్నాను.

కారు చీమకుర్తి దాటాక ఆయన చెవి దగ్గరికి వంగి, "బాగా చేశావయ్యా. నాకే నిజమనిపించింది" అన్నాను.

ఒళ్ళోని కాగితాల కవరు తీసి నా చేతిలో పెట్టాడు. తర్వాత చెప్పాడు.

"నేను నిలబడదామనుకున్నా దుర్గా. నీకు చెప్తే ఒప్పుకోవని చెప్పలా. ఆ డాక్టరు ముందు లేచి నిలబడి, అయ్యా నేను నడుస్తాను, ఏం రాసుకుంటారో రాసుకోండి అని చెబుదామనుకున్నా. పొద్దుట్నించీ అదే అనుకుంటా ఉన్నా."

"మరి?"

"కాళ్ళు రాలా."

ముందు సీట్లో బాలు పాట కట్టేశాడు.

ఆగస్టు 24, ఆదివారం

ఖాదర్ గారికి ఫోను చేసి అన్నీ చెప్పేశాను. జ్వరం లేదు, మంగళగిరి లేదు, ఏమీ లేదు. ఆయన తిట్టలేదు. గంటలో స్కూటరేసుకుని వచ్చారు. మా ఆయన్ని పక్కకి తిప్పి నడుం కింద చూశారు. చూసి, నా వంక చూసి, "ఇది ఎన్నాళ్ళైందమ్మా?" అన్నారు.

పదకొండు రోజులు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఈ డైరీ తీసి చూసుకుంటే పదమూడో తారీఖున రాశాను, దుప్పటి మడత అని.

పడకపుండట. లోపలికి పోయిందట.

ఆగస్టు 25, సోమవారం

వేదశ్రీ దగ్గరికి వెళ్ళాను. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. భయపడటానికి ఇంకేం మిగిలిందని.

"అమ్మా, ఒకవేళ మా ఆయనకి పింఛను ఆగిపోయి ఉంటే, ఆరోగ్య కార్డు కూడా పోయేదా?"

వేదశ్రీ కంప్యూటర్లో ఏదో కొట్టి చూసింది. "లేదాంటీ. మీ ఆరోగ్య కార్డు మీ రేషన్ కార్డు మీద ఇచ్చారు. మీ ఇంట్లో అందరికీ కలిపి. ఆయన శాతం ఎంతైనా దానికి సంబంధం లేదు. సున్నా రాసినా కార్డు ఉండేది. ఎందుకాంటీ?"

ఊరికేనమ్మా అన్నాను.

"ముందే అడగాల్సింది కదాంటీ, అంత కంగారు పడేబదులు" అంది.

ఇంటికెట్టా వచ్చానో తెలియదు. సుబ్బరావమ్మత్త అరుగు మీద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. ఆమె మీద పడి జుట్టు పట్టుకుందామన్నంత కోపం వచ్చింది. కానీ ఆమె చెప్పింది ఒక్క మాట. వాసాలు విప్పింది నేను. అబద్ధాలాడింది నేను. తోసింది నేను.

తోశాను. గట్టిగానే తోశాను.

ఆగస్టు 29, శుక్రవారం

గుంటూరు వెళ్ళొచ్చాం. పుండు మానేదాకా కత్తి పెట్టనన్నాడు డాక్టరు. పాత కుట్టుకి అంత దగ్గర్లో పుండు ఉంటే ఇనుముకి చీము పడుతుందట. తొమ్మిదో తారీఖు కొట్టేశాడు. ఎప్పుడు చేస్తారండీ అంటే, మూణ్ణెల్లో, నాలుగో, మానడాన్ని బట్టి అన్నాడు. ఈలోగా ఆ వదులు బోల్టు ఏం చేస్తుందండీ అంటే చెప్పలేమమ్మా అన్నాడు.

కార్డు చూపిస్తే కౌంటర్లో అమ్మాయి, "ఏం పర్లేదండీ, కార్డు బాగానే ఉంది" అంది.

సెప్టెంబరు 2, మంగళవారం

వాసాలు మళ్ళీ కట్టాను. ఖాదర్ గారు కూర్చోవడం దగ్గర్నించి మొదలుపెట్టారు. మంచం అంచున కాళ్ళు కిందికి వేసి అయిదు నిమిషాలు. మూడో నిమిషానికే కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. మళ్ళీ నడుస్తాడా అండీ అని వాకిట్లో నిలదీశాను. "చేద్దామమ్మా" అన్నారు. నడుస్తాడు అనలేదు.

ఈయనకి నేను ఇంకా కార్డు సంగతి చెప్పలేదు. చెప్పాలి. రేపు చెబుతాను.

సెప్టెంబరు 5, శుక్రవారం

చెప్పాను. రేషన్ కార్డు సంగతి, సున్నా రాసినా ఉండేదన్న సంగతి, అంతా. తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి అన్నాను.

"నువ్వు భయపడ్డావు. నేను కూడా భయపడే పడుకున్నా. లేకపోతే నువ్వు చెబితే పడుకునేవాణ్ణా?" అన్నాడు. ఆ తర్వాత పక్కకి తిప్పమన్నాడు, పుండు మంటగా ఉందని. తిప్పాను.

తిడితే బాగుండు.

సెప్టెంబరు 11, గురువారం

సర్టిఫికెట్టు వచ్చింది. వేదశ్రీ నా ఫోనుకి పంపించి, తనే పరిగెత్తుకుంటూ వచ్చింది చెప్పడానికి. "ఆంటీ! ఎనభై అయిదు! పైగా శాశ్వతం అని వచ్చింది. మిమ్మల్నింక ఎవరూ పిలవరు. అదృష్టవంతులాంటీ మీరు." సుబ్బరావమ్మత్త అరుగు మీద నుంచే చేతులెత్తి దేవుడికి దండం పెట్టింది.

లోపలికి వెళ్ళాను. ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు, ఖాదర్ గారు చెప్పిన పది నిమిషాలు పూర్తి చేస్తూ. మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు, నుదుటి నిండా చెమట.

"ఏందంట కేకలు? ఏం వచ్చింది?"

"సర్టిఫికెట్టయ్యా."

"ఏం రాశారు? చదువు."

ఫోను నా చేతిలోనే ఉంది. దగ్గర చూపు ఆనదు ఆయనకి. నేను చదవడానికి అక్షరాలు పెద్దవి చేశాను. శాశ్వతం. ఒంగోలులో ఆ వరండాలో నిలబడి నేను మొక్కుకున్న మాట.

"ఎనభై అయిదు శాతం" అన్నాను. "తాత్కాలికం."

ఆయన తలెత్తి నా మొహం చూశాడు. "తాత్కాలికమా? అయితే మళ్ళీ పిలుస్తారన్నమాట."

"పిలుస్తారు. రెండేళ్ళకి."

"ఆ డాక్టరే ఉంటాడా?"

"ఆయనే ఉంటాడంట."

తల ఊపాడు. మంచం పట్టె ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"టైమ్ చూడు, దుర్గా" అన్నాడు. "పది అయిపోయిందా? అయినా ఇంకో అయిదు కూర్చుంటా."